మూడో మాట

ఆ షాపులో ఒక మాట అనకూడదు. నాలుగు గోడల నిండా, అటక మీద, మెట్ల కింద, ఆఖరికి గల్లాపెట్టె కాళ్ళ సందున కూడా ఆ వస్తువే ఉంటుంది గానీ, దాని పేరు మాత్రం ఎత్తకూడదు. షాపు పెట్టిన పెద్దాయన చేసిన కట్టడి అది. "ఎదుటి మనిషి మొహం మీద 'చెప్పు' అంటే, వాడు కొనడానికి వచ్చినట్టా, తినడానికి వచ్చినట్టా? జోడు అనండి. వినడానికి మర్యాదగా ఉంటుంది" అనేవాడు. పెద్దాయన పోయాడు, కట్టడి మిగిలింది. మనిషి పోయాక చెక్కుచెదరకుండా మిగిలేవి అలాంటివే. ఆస్తయితే ఈపాటికి పంచుకుని ఉండేవాళ్ళు.

ఆ కట్టడి బాగా ఒంటబట్టింది ఆయన అల్లుడికి. బడి మానేసి అట్టపెట్టెల మీద దుమ్ము దులపడానికి చేరినవాడు, దులుపుతూ దులుపుతూ యజమాని కంట్లో పడ్డాడు, ఆ తర్వాత యజమాని కూతురి కంట్లోనూ పడ్డాడు. పెద్దాయన పోయేటప్పుడు షాపు కొడుక్కి వచ్చింది, పీట అల్లుడికి వచ్చింది. న్యాయంగా పంచాడని బంధువులంతా మెచ్చుకున్నారు. మెచ్చుకోవడానికి ఖర్చేముంది.

ఆ పీట అంటే మూరెడు ఎత్తు కూడా లేని కురచ పీట. ముందు ఏటవాలు చెక్క ఉంటుంది. కొనేవాళ్ళు కుర్చీలో కూర్చుని ఆ చెక్క మీద కాలు పెడితే, పీట మీద కూర్చున్నవాడు బొటనవేలి చివర నొక్కి, మడమ వెనక వేలు దూర్చి, నంబరు తేల్చి, లేచి వెనక గదిలోకి వెళ్ళి డబ్బా పట్టుకొస్తాడు. బజారులో అందరూ అతన్ని జోళ్ళాయన అంటారు. ఊళ్ళోవాళ్ళ కాళ్ళ దగ్గర కూర్చునే బతుకు అని కొందరు జాలిపడతారు. జోళ్ళాయన లెక్క వేరు. కలెక్టరైనా, కంసాలైనా తన ముందు కాలు చాపి నోరు మూసుకునే ఉద్యోగం ఇంకెక్కడుంది? అతనికి ఆ పీట మీద ఉన్నంత సుఖం పరుపు మీద కూడా లేదు.

ఆ సుఖానికి ఈ మధ్య చెద పట్టింది.

మొదట్లో చిన్నచిన్నవే. నల్లవి తెమ్మంటే గోధుమరంగువి తెచ్చాడు. ఆడవాళ్ళవి అడిగితే వెనక గదిలోకి వెళ్ళి, ఎందుకొచ్చానా అని నిలబడిపోయి, ఒట్టి చేతులతో తిరిగొచ్చాడు. గల్లా దగ్గర కూర్చునే బావమరిది మొదటిసారి నవ్వాడు, రెండోసారి నవ్వలేదు, ఆ తర్వాత చూడనట్టు నటించడం మొదలుపెట్టాడు. నవ్వితేనే నయం.

నిజానికి జరిగేదేమిటో జోళ్ళాయన ఒక్కడికే తెలుసు. పీట మీంచి లేవగానే కళ్ళ ముందు నల్లటి తెర దిగేది. చెవుల్లో ప్రెషర్ కుక్కర్ పెట్టినట్టు హోరు. పక్కనున్న ర్యాకు కమ్మీ పట్టుకుని కాసేపు నిలబడితే తెర పైకి లేచేది, కానీ దాంతోపాటు నంబరు కూడా ఎక్కడికో లేచిపోయేది. మళ్ళీ అడగడానికి మొహం చెల్లేది కాదు. కాలు చూసి నంబరు చెప్పేవాడని పేరున్న మనిషి, "ఇందాక ఎంత అనుకున్నామండీ" అని ఎలా అడుగుతాడు? గుడ్డిగా ఏదో ఒకటి లాక్కొచ్చేవాడు.

ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం వాళ్ళమ్మ.

వాళ్ళమ్మ కూడా వంటింట్లో ముక్కాలిపీట మీంచి లేచి గుమ్మం పట్టుకునేది. "ఉండరా, ఇల్లు తిరుగుతోంది" అని కళ్ళు మూసుకుని నిలబడేది. పిల్లలంతా ఇల్లెలా తిరుగుతుందని నవ్వేవాళ్ళు. కొన్నేళ్ళు పోయాక ఆవిడ కూరలో ఉప్పు రెండుసార్లు వెయ్యడం మొదలుపెట్టింది. తర్వాత అసలు వెయ్యడమే మానేసింది. చివరి రోజుల్లో కిటికీ దగ్గర మెత్తటి కుర్చీలో కూర్చోబెడితే, అన్నం పెట్టడానికి వచ్చిన కొడుకు వంక చూసి, "ఎవరి అబ్బాయివి నాయనా, చక్కగా ఉన్నావు" అనేది. చక్కగా ఉన్నావని వాళ్ళమ్మ అతన్ని అన్నది అప్పుడే. గుర్తున్నన్నాళ్ళూ వెధవా అనే పిలిచింది.

అమ్మ గుమ్మం పట్టుకుంది, తను ర్యాకు పట్టుకుంటున్నాడు. ఇక లెక్కలో తేడా ఏముంది?

అందుకే రోజూ పొద్దున్నే అందరికంటే ముందు షాపుకొచ్చి తనకు తానే పరీక్ష పెట్టుకునేవాడు. వెనక గదిలో కళ్ళు మూసుకుని నిలబడి, ఏ వరసలో ఏ రకం, ఏ రంగు, ఏ నంబరు ఉందో అప్పజెప్పేవాడు. కళ్ళు తెరిచి చూస్తే ఒక్కటీ తప్పేది కాదు. అయినా ధైర్యం వచ్చేది కాదు. అమ్మ కూడా చిన్నప్పటి పాటలన్నీ చివరిదాకా తప్పులేకుండా పాడింది మరి.

చెడ్డ రోజు వకీలు రూపంలో వచ్చింది. షాపు ముందు అద్దాల ర్యాకులో ఎప్పుడూ ఎడమ కాలివే పెడతారు, ఒంటిదాన్ని దొంగ ఎత్తుకుపోడు గనక. కుడిది లోపల డబ్బాలో ఉంటుంది. బేరం కుదిరాక రెంటినీ కలిపి కట్టివ్వాలి. ఆ రోజు వకీలుగారికి నచ్చినవి కట్టడానికి జోళ్ళాయన పీట మీంచి లేచాడు, తెర దిగింది, తెర లేచేసరికి చేతిలో ఒక డబ్బా ఉంది. అదే నంబరు, అదే రంగు, మర్నాడు అద్దాల ర్యాకులో పెట్టడానికి తీసిపెట్టిన వేరే జత, ఎడమదీ కుడిదీ రెండూ ఉన్నది. దాన్లోంచి ఒకటి తీశాడు, ర్యాకులోది ఒకటి చేర్చాడు, తాడు కట్టి నమస్కారం పెట్టి పంపాడు.

మర్నాడు వకీలు వచ్చి గల్లా మీద రెండూ పక్కపక్కన పెట్టాడు. రెండూ ఎడమవే.

"గిట్టనివాళ్ళు నన్ను చాలా అన్నారయ్యా. రెండు ఎడమకాళ్ళు ఉన్నాయని మాత్రం ఎవరూ అనలేదు. ఆ మాట మీ షాపు అంది" అన్నాడు.

మంచివాడు గనక నవ్వుతూనే అన్నాడు. మార్చి ఇస్తే పట్టుకుపోయాడు. అతను మెట్లు దిగాక బావమరిది గల్లాపెట్టె మూత అటూ ఇటూ తిప్పి, తిప్పి, చివరికి అనేశాడు.

"బావా, వచ్చే నెల నుంచి నువ్వు గల్లాలో కూర్చో. పీట మీదకి వేరే మనిషిని చూశాను."

"గల్లాలో కూర్చుని ఏం చెయ్యను?"

"ఏం చెయ్యక్కర్లేదు. మెత్తటి కుర్చీ. ఫ్యాను కూడా అటే తిప్పిస్తాను."

జోళ్ళాయనకి మెత్తటి కుర్చీ అన్న మాట ఒక్కటే వినబడింది. ఆ కుర్చీ పక్కన కిటికీ కూడా కనబడింది, షాపులో కిటికీ లేకపోయినా.

"నన్ను తీసేస్తున్నావన్న మాట."

"తియ్యడమేంటి బావా, పెంచుతుంటే. నీకు మతి సరిగా ఉండట్లేదు, నే చెప్పకపోతే ఎవరు చెప్తారు? డాక్టరు దగ్గర చూపించుకో. జ్ఞాపకం బాగానే ఉందని డాక్టరు అంటే పీట నీదే. నేనేమైనా పగవాడినా?"

షాపు వెనక వైపు, వెలుతురు పడే చోట ఒక బల్ల ఉంది. తెగిన పట్టీలు, ఊడిన అట్టలు కుట్టే బల్ల. అక్కడ కూర్చునేది జోళ్ళాయన భార్య. చేతిలో సూది ఉన్నంతసేపూ ఆవిడ మాట్లాడదు, ఆ సూది సాయంత్రం దాకా చేతిలోనే ఉంటుంది, అందుకే ఇంట్లో అన్నీ కలిపి మాట్లాడుతుంది. ఆ రోజు మాత్రం మధ్యాహ్నం బేరాలు పలచబడ్డాక సూది బల్లకి గుచ్చి లేచి వచ్చింది. పీట పక్కనున్న ర్యాకు దగ్గర నిలబడి, కమ్మీ మీద వేలితో రాసింది.

"ఇక్కడ రంగు పోయింది చూశారా?"

"పాతబడింది."

"పాతబడితే మొత్తం పోవాలి. మీ చెయ్యి అందే చోటే పోయింది." ఆవిడ గొంతు తగ్గించింది. "లేచినప్పుడు కళ్ళు తిరుగుతున్నాయా మీకు?"

"నాకా? రాయిలా ఉన్నాను."

"రాయి ర్యాకు పట్టుకుని లేవదు."

జోళ్ళాయన వకీలు వదిలిపెట్టి వెళ్ళిన ఎడమ కాలిదాన్ని గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాడు. తలెత్తకుండానే అన్నాడు. "అమ్మకీ ఇలాగే మొదలైంది."

"అయితే?"

"అయితే ఏముంది. ఇంకొన్నాళ్ళకి నిన్ను కూడా ఎవరమ్మాయివి అంటాను."

"అన్నప్పుడు చూద్దాం. చక్కగా ఉన్నావని కూడా అంటారేమో, ఆ ముచ్చటా తీరుతుంది" అంది ఆవిడ. అని ఊరుకోలేదు. "అత్తయ్యని ఎవరూ ఎక్కడికీ తీసుకెళ్ళలేదు. తిరుగుతున్నది ఇల్లే అని వదిలేశారు. రేపు పొద్దున్న తయారవండి."

డాక్టరమ్మ చిన్నది. ఈ భార్యాభర్తలకి పిల్లలుంటే ఆ వయసే ఉండేది. జోళ్ళాయన అలవాటుగా ముందు ఆవిడ కాళ్ళకున్న జోడు చూశాడు. కుడి మడమ బయటి వైపు అరిగింది, ఎప్పుడూ హడావుడిగా మలుపులు తిరిగే మనిషి. అలాంటివాళ్ళు వినరు, సగం వినగానే మిగతా సగం వాళ్ళే నింపుకుంటారని అతని అనుభవం. కానీ మాట మర్యాదగా ఉంది. రండి, కూర్చోండి, ఎన్నాళ్ళ నుంచి ఉందండీ, అన్నీ అండీలే.

"అమ్మా, మీరు కాసేపు బయట కూర్చోవాలి. లోపల ఉంటే భర్తల జవాబులన్నీ భార్యలే చెప్పేస్తారు" అంది భార్యతో.

"ఇంట్లోనూ అంతేనండీ" అన్నాడు జోళ్ళాయన.

తలుపు మూసుకున్నాక డాక్టరమ్మ ఒక కాగితం ముందు పెట్టుకుంది. "మొదట జ్ఞాపకం చూద్దాం. నేను కొన్ని పదాలు అంటాను, మీరు వెంటనే అనండి. కాసేపాగి మళ్ళీ అడుగుతాను. సరేనా? ఏనుగు. రైలు. చెప్పు."

"ఏనుగు, రైలు" అన్నాడు జోళ్ళాయన.

డాక్టరమ్మ కళ్ళజోడు సర్దుకుంది. "మరోసారి అంటాను. ఏనుగు, రైలు, చెప్పు."

"ఏనుగు, రైలు" అన్నాడు, వినబడలేదేమోనని ఇంకొంచెం గట్టిగా.

"తొందర లేదండీ. నిదానంగా వినండి. ఏనుగు. రైలు. చెప్పు."

జోళ్ళాయనకి ఒళ్ళు మండింది. మండినా అణుచుకున్నాడు. "ఏనుగు, రైలు. చెప్పాను కదండీ" అన్నాడు.

డాక్టరమ్మ కాగితం మీద చిన్న గీత గీసింది. ఆ గీత తన పీట మీద గీసినట్టే అనిపించింది అతనికి.

తర్వాత ఏ వారం, ఏ నెల అని అడిగింది, చెప్పాడు. గడియారం బొమ్మ గియ్యమంది, గీశాడు. వందలోంచి ఏడేసి తీస్తూ పొమ్మంది. బేరాలాడి బతికేవాడికి తగ్గించడం ఒక లెక్కా, గడగడా తగ్గించాడు. అప్పుడు బల్ల మీద పడుకోబెట్టి చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది. కాసేపు అలాగే పడుకోమని, ఆ తర్వాత లేపి నిలబెట్టి, నిలబెట్టిన వెంటనే ఒకసారి, కాస్త ఆగి ఇంకోసారి చూసింది. తెర దిగింది. అతను ర్యాకు కోసం చెయ్యి చాపాడు. ర్యాకు లేదు, డాక్టరమ్మ భుజం దొరికింది.

"కూర్చోండి, కూర్చోండి. దొరికింది" అంది ఆవిడ.

"ఏం దొరికిందండీ?"

"మనం లేచినప్పుడు రక్తం కాళ్ళలోకి జారుతుంది. ఒళ్ళు వెంటనే సర్దుకుని పైకి తోస్తుంది. మీకు ఆ తొయ్యడం ఆలస్యమవుతోంది. ఆ కాసేపూ తలకి చాలినంత అందట్లేదు."

"అటక మీదకి డబ్బాలు అందించేవాడు టీకి పోయినట్టు."

"సరిగ్గా అంతే" అని ఆవిడ నవ్వింది. ఏం మందులు వాడుతున్నారని అడిగింది. బీపీకి ఒకటి, ఒంటికి వెళ్ళే ఇబ్బందికి వేరే డాక్టరు రాసింది ఇంకొకటి, రెండూ పొద్దున్నే ఒక్క గుటకలో వేసుకుని షాపుకి వస్తాడు. నీళ్ళు? నీళ్ళు తాగడు. బజారులో మరుగుదొడ్డి ఆ చివర, మేడ మీద ఉంది, ఎక్కి దిగేసరికి రెండు బేరాలు పోతాయి. డాక్టరమ్మ తల పట్టుకోలేదు గానీ, పట్టుకున్నంత పని చేసింది. ఒక మాత్ర తగ్గించి, రెండోదాన్ని పడుకునే ముందుకి మార్చింది. తను చెప్పకుండా ఏదీ సొంతంగా మానొద్దంది. నీళ్ళు తాగమంది. లేచే ముందు పాదాలు ఆడించి, లేచాక కాస్త నిలబడి, అప్పుడు నడవమంది.

జోళ్ళాయన అన్నిటికీ తలూపి, తలుపు వైపు ఒకసారి చూసి, అసలు ప్రశ్న అడిగాడు. "మా అమ్మకి కూడా ఇలాగే లేచినప్పుడు తిరిగేది. తర్వాత నన్నే మర్చిపోయింది. నాకూ అంతేనాండీ?"

డాక్టరమ్మ తొందరపడకుండా చెప్పింది. "మీ అమ్మగారిని నేను చూడలేదు, ఆవిడ సంగతి నాకు తెలీదు. ఉన్నమాట చెప్తాను. ఇలా లేచినప్పుడు బీపీ పడిపోయేవాళ్ళని ఏళ్ళ తరబడి గమనించారు. మిగతావాళ్ళకంటే వీళ్ళలో పెద్దయ్యాక మతిమరుపు జబ్బు కొంచెం ఎక్కువమందికి వచ్చింది. దీనివల్లే వచ్చిందా, రెండూ వేరే కారణంతో వచ్చాయా అన్నది తేలలేదు. కళ్ళు తిరిగిన ప్రతివాళ్ళకీ రాదు, చాలామందికి రాలేదు. మీకొచ్చింది ఇప్పుడు పట్టుకున్నాం, సర్దుకునే దారి ఉంది. అది మంచిదే కదా." అని కాగితం దగ్గరికి లాక్కుంది. "ఇందాక కొన్ని పదాలు అన్నాను, గుర్తున్నాయా?"

"ఏనుగు, రైలు."

"ఇంకా?"

"ఇంకేముంది?"

డాక్టరమ్మ మెల్లగా కలం మూత పెట్టింది. "ఒకటి తప్పింది. దాన్నిబట్టి ఇప్పుడే ఏదీ తేల్చను. మందులు మార్చాం కదా, కొన్ని వారాలాగి మళ్ళీ చూద్దాం."

దాన్నిబట్టి ఏదీ తేల్చనని డాక్టరు అన్నా, జోళ్ళాయన బయటికి వచ్చేలోపే అన్నీ తేల్చేసుకున్నాడు. భార్యతో, "బీపీ అట. ఒకటి తప్పిందట" అని రెండు ముక్కల్లో ముగించాడు. ఏం తప్పిందని ఆవిడ అడిగితే, "తప్పినవాడికి ఏం తప్పిందో తెలిస్తే తప్పడమెందుకు" అన్నాడు. అది సబబుగానే తోచి ఆవిడ ఊరుకుంది.

నెల మారేదాకా కూడా ఆగలేదు. మర్నాడు షాపుకి వచ్చి, ఎవరూ చెప్పకుండానే వెళ్ళి గల్లా కుర్చీలో కూర్చున్నాడు. కుర్చీ నిజంగానే మెత్తగా ఉంది. అంత మెత్తదనం మనిషికి మంచిది కాదు.

పీట మీదకి కొత్త మనిషి వచ్చాడు. జుట్టుకి నల్లరంగు దట్టంగా వేసుకుని, నవ్వు అంతకంటే దట్టంగా వేసుకున్న మనిషి. వచ్చిన మొదటి బేరానికే, "మేడమ్, ఈ చెప్పు చూడండి, మీ కాలికోసమే పుట్టింది" అన్నాడు. గల్లాలో జోళ్ళాయన ఒళ్ళు జలదరించింది. అతను కాలు ముట్టుకోడు, నంబరు ఎంతండీ అని అడుగుతాడు. కొనేవాళ్ళకే వాళ్ళ నంబరు తెలిసినట్టు. ఎవరి గురించి వాళ్ళకి తెలిసింది ఏపాటి?

అయితే ఒక్క సంగతి ఒప్పుకోవాలి. కళ్ళు తిరగడం తగ్గింది. బావమరిది నోటితో ఏమీ అనకుండానే వెళ్ళి, పక్క ఫోటో స్టూడియోవాడితో మాట్లాడి, వాళ్ళ మరుగుదొడ్డికి ఇంకో తాళంచెవి చేయించి గల్లా మేకుకి తగిలించాడు. "నీళ్ళు తాగు బావా. ఇప్పుడు పోవడానికి చోటుంది" అన్నాడు. భార్య బూటు డబ్బాలో నీళ్ళసీసా పెట్టి గల్లా కింద ఉంచింది. కుర్చీలోంచి లేచినప్పుడు తెర దిగకుండా, అంచు మాత్రం కనబడి పోతోంది. లేచి మాత్రం ఎక్కడికి వెళ్ళాలి? చిల్లర ఇవ్వడానికి లేవక్కర్లేదు కదా. ఒళ్ళు బాగుపడుతుంటే మనసు పాడవడం విచిత్రం.

ఒక మధ్యాహ్నం కొత్త మనిషి భోజనానికి వెళ్ళాడు. బావమరిది బ్యాంకుకి వెళ్ళాడు. షాపులో భార్యాభర్తలిద్దరే మిగిలారు. ఆవిడ ఒక పాత ఒంటిదానికి పట్టీ కుడుతోంది. అతను ఆవిడ బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"వాడు మళ్ళీ ఆ మాట అన్నాడు విన్నావా? మీ నాన్న ఉంటే గుమ్మంలోంచే పంపేసేవాడు."

"తమ్ముడు ఊరుకుంటుంటే మీకెందుకు?"

"ఈ కాలంలో ఎవరికీ మాట మీద అదుపు లేదు. అంత చదివిన ఆ డాక్టరమ్మ కూడా అంతే. వచ్చినప్పటి నుంచి రండి, కూర్చోండి, అంతా అండీనే. తీరా పరీక్ష మొదలుపెట్టాక ఒక్కసారిగా ఏకవచనంలోకి దిగిపోయింది."

ఆవిడ సూది లాగుతూనే అడిగింది. "ఏమంది?"

"చెప్పు అంది."

"ఏం చెప్పమంది?"

"అవే, ఆవిడ అన్న పదాలు. ఏనుగు, రైలు, చెప్పు, అంది. చెప్పాను. మళ్ళీ, ఏనుగు, రైలు, చెప్పు, అంది. మళ్ళీ చెప్పాను. మూడుసార్లు. వయసులో పెద్దవాణ్ణి, చెప్పండి అంటే ఏం పోయింది?"

సూది సగంలో ఆగింది. ఆవిడ తలెత్తి మొగుడి మొహం చూసింది. చాలాసేపు చూసింది.

"మూడుసార్లూ అలాగే అందా?"

"మూడుసార్లూ."

"మీరు మూడుసార్లూ ఏనుగు, రైలు అన్నారు."

"అవే కదా ఉన్నవి."

ఆవిడ సూది బల్లకి గుచ్చింది. చేతిలో ఉన్న ఒంటిదాన్ని పట్టీ పట్టుకుని పైకెత్తి, మొగుడి ముక్కుకి ఎదురుగా ఆడించింది. "ఇదేమిటి?"

"నీకేమైంది?"

"అడిగిందానికి జవాబు చెప్పండి. ఏమిటిది?"

"జోడు."

"ఒంటిది జోడెలా అవుతుందండీ?"

జోళ్ళాయన నోరు తెరిచాడు. ఎడమ కాలిది, నల్ల పట్టీది, మడమ దగ్గర అరిగినది, దాని గురించి గంటసేపు చెప్పగలడు. దాని పేరు మాత్రం గొంతుదాకా వచ్చి, గుమ్మంలో పెద్దాయన నిలబడి ఉన్నట్టు ఆగిపోయింది. వెలుపలికి రావడానికి చాలాసేపు పట్టింది.

"...చెప్పు" అన్నాడు.

ఆవిడకి నవ్వు అప్పుడు మొదలైంది. బల్ల మీద తల పెట్టుకుని నవ్వింది. కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే కుట్టే గుడ్డతోనే తుడుచుకుంది, నల్లరంగు చెంపకి అంటింది. "అది పదమండీ. మూడో పదం. ఊరంతటికీ చెప్పులు తొడిగి, ఒక్క చెప్పు దగ్గర తప్పారు మీరు" అంటూ మళ్ళీ నవ్వింది. ఆ నవ్వులో కొన్ని వారాల భయం కూడా ఉందని అతనికి అప్పుడు తెలిసింది. ఈవిడ ఇన్నాళ్ళూ సూది వంక చూస్తూ కూర్చున్నది కుట్టడానికే కాదన్న మాట.

అతను పక్కనున్న డబ్బా మీద కూర్చుండిపోయాడు. "మరి ఆవిడ ఏకవచనం...?"

"అనలేదు. ఆ పిల్లకి మర్యాద బాగానే ఉంది. మన షాపులోనే మర్యాద ఎక్కువైంది."

బ్యాంకు నుంచి వచ్చిన బావమరిదికి చెబితే మొదట అర్థం కాలేదు, అర్థమయ్యాక గల్లా పట్టుకుని నవ్వాడు. "నాన్న పోయి ఇన్నేళ్ళయినా నీ చేత పరీక్ష తప్పించాడు బావా" అన్నాడు. అయినా పట్టు వదల్లేదు. డాక్టరు నోటి వెంట రావాలన్నాడు. వ్యాపారి కొడుకు, సగం రుజువు తీసుకోడు.

రెండోసారి భార్యను బయట కూర్చోబెట్టలేదు. ఆవిడ కథంతా చెబుతుంటే డాక్టరమ్మ కాగితం వంకా, జోళ్ళాయన వంకా మార్చి మార్చి చూసింది. "అందుకా మూడోసారి 'చెప్పాను కదండీ' అని కోప్పడ్డారు" అని, పాపం, ఆవిడ కూడా నవ్వింది. ఆ కాగితం మీద మూడో పదాన్ని తనే కొట్టేసింది. కొత్తగా గొడుగు, బంతి, నిచ్చెన అంది. పడుకోబెట్టి, నిలబెట్టి, బీపీ చూశాక అడిగింది. అతను గొడుగూ, బంతీ, నిచ్చెనా అప్పజెప్పి, "ఏనుగూ, రైలూ కూడా కావాలాండీ" అని అడిగాడు.

"వద్దు. జ్ఞాపకం బాగుంది" అంది డాక్టరమ్మ. నిలబడినప్పుడు బీపీ పడిపోవడం కూడా బాగా తగ్గిందంది. పూర్తిగా పోలేదు, కనిపెట్టి ఉండాలంది, ఏడాదికోసారి వచ్చి ఈ పరీక్ష చేయించుకోమంది. ముందుముందు ఏమవుతుందో చెప్పలేనని మళ్ళీ అంది. జోళ్ళాయనకి ఈసారి ఆ మాట కష్టంగా తోచలేదు. ముందుముందు ఏమవుతుందో చెప్పగలనన్నవాళ్ళని అతను చాలామందిని చూశాడు. అందరికీ చివరికి కొత్త జత అప్పు మీదే కావలసి వచ్చింది.

వస్తూ వస్తూ, "కుడి మడమ బయటికి అరుగుతోందండీ. ఒకసారి షాపుకి రండి" అన్నాడు. రోగి డాక్టరుకి చెప్పగలిగిన సలహా అదొక్కటే.

పీట మళ్ళీ అతనిదైంది. కొత్త మనిషిని బావమరిది గుమ్మం దగ్గర నిలబెట్టాడు. ఆ నవ్వు అక్కడ పనికొస్తుందన్నాడు, అదీ నిజమే. పీట కాళ్ళ కింద చెక్కలు కొట్టించి కాస్త ఎత్తు చేయించింది భార్య, అంత లోతు నుంచి లేవక్కర్లేకుండా. ర్యాకు కమ్మీకి రంగు వేయిస్తానని బావమరిది అంటే, జోళ్ళాయన వద్దన్నాడు. అవసరమైతే పట్టుకోవడానికి గుర్తుగా ఉంటుందన్నాడు.

లేచాక కాస్త నిలబడమంది కదా డాక్టరమ్మ, ఎంతసేపన్నది చెప్పలేదు. దానికి అతనే ఒక కొలత పెట్టుకున్నాడు. పీట మీద పాదాలు ఆడిస్తాడు, లేస్తాడు, నిలబడి మెల్లగా, ఒక్కో మాటకీ ఒక్కో ఊపిరి తీసి, మూడు మాటలు లోపల్లోపల అనుకుంటాడు. మూడో మాట దాకా తెర దిగకపోతే నడుస్తాడు. గోడ మీదున్న పెద్దాయన ఫోటో వైపు మాత్రం ఆ సమయంలో చూడడు.

వర్షం వెలిసిన ఒక సాయంత్రం వకీలు మళ్ళీ వచ్చాడు. కుర్చీలో కూర్చుని, కాలు చెక్క మీద పెట్టి, "ఈసారి ఒకటి ఎడమది, ఒకటి కుడిది ఇప్పించండి. రెంటికీ విడివిడిగా ధర కట్టినా ఫరవాలేదు" అన్నాడు.

జోళ్ళాయన బొటనవేలి చివర నొక్కాడు, మడమ వెనక వేలు దూర్చాడు. నంబరు తేలింది. పాదాలు ఆడించి, లేచి నిలబడ్డాడు. ర్యాకు పక్కనే ఉంది. చెయ్యి చాపలేదు.

"ఏనుగు" అనుకున్నాడు. "రైలు" అనుకున్నాడు. ఆ మూడోది మాత్రం పెదవి దాటి కొంచెం పైకే వచ్చేసింది.

"చెప్పు."

వకీలు తలెత్తి చూశాడు. "ఏం చెప్పమంటారు?"

వెనక బల్ల దగ్గర సూది ఆగిన చప్పుడు, అంటే ఏ చప్పుడూ లేకపోవడం, జోళ్ళాయనకి స్పష్టంగా వినబడింది. ఆ వెంటనే ఆవిడ దగ్గు, నవ్వుని మింగినప్పుడు వచ్చే దగ్గు.

"మిమ్మల్ని కాదండీ" అన్నాడు జోళ్ళాయన, నిదానంగా వెనక గదిలోకి నడుస్తూ. "జోడు తెస్తాను, కూర్చోండి."